డొమైన్ పేరు అమ్మకంలో డబ్బు తగాదాలు, మోసాలు: ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైట్‌కు ఉండే చిరునామానే డొమైన్ పేరు అంటారు. చివర డాట్ కామ్ అనో, డాట్ ఇన్ అనో, డాట్ నెట్ అనో ఉంటుంది. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా కడితే ఎవరైనా తమకు నచ్చిన పేరు తీసుకోవచ్చు, అది అప్పటికే వేరొకరి దగ్గర లేకపోతే చాలు. చిన్నగా, పలకడానికి తేలికగా ఉండే పేరు ముందే తీసి పెట్టుకుని, తర్వాత దాని అవసరం పడిన కంపెనీకి ఎక్కువ ధరకు అమ్మడం ప్రపంచమంతటా సాగుతున్న వ్యాపారం. వెబ్ డిజైన్, డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుని ఇంట్లోంచే పని చేసుకునే మన కుర్రాళ్లలోనూ ఇది చేసేవారున్నారు. మూసేసిన దుకాణం పేరుతో ఉన్న పాత డొమైన్‌ను ఎవరో అడిగారని అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఇందులో పేరు దొరకడం, కొనేవాడు దొరకడం ఒక ఎత్తు. డబ్బు నిజంగా చేతికొచ్చి, వచ్చిన డబ్బు చేతిలోనే ఉండటం ఇంకో ఎత్తు.

ఇంటి స్థలం అమ్మితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంటుంది. ఇద్దరూ వస్తారు, సాక్షులు వస్తారు, వేలిముద్ర పడుతుంది. బేరం కుదిర్చిన పెద్దమనిషి కూడా పక్కనే ఉంటాడు. డొమైన్ అమ్మకంలో ఇవేవీ లేవు. అమ్మేవాడు నల్లగొండలో, కొనేవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. ముందు డబ్బు ఇవ్వాలా, ముందు పేరు ఇవ్వాలా అన్న దగ్గరే అసలు పేచీ మొదలవుతుంది. పేరు రెండు నిమిషాల్లో చేతులు మారుతుంది, మళ్లీ వెనక్కి రావడం చాలా కష్టం. డబ్బు మాత్రం కొన్ని పద్ధతుల్లో ఆరు నెలల తర్వాత కూడా వెనక్కి పోగలదు. ఈ తేడా తెలియనివారే ఎక్కువగా నష్టపోతారు.

పేరు ఎలా చేతులు మారుతుంది

డొమైన్ పేరు భూమిలాంటి సొంత ఆస్తి కాదు. ఏడాదికో, కొన్నేళ్లకో కౌలుకు తీసుకున్నట్టు ఉంటుంది. ప్రపంచ స్థాయిలో ఈ వ్యవస్థను చూసేది 1998లో అమెరికాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. డాట్ కామ్ పేర్ల పట్టిక వెరిసైన్ అనే కంపెనీ చేతిలో ఉంటుంది. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ అనే సంస్థ చూస్తుంది. వీటి కింద మనకు పేర్లు అమ్మే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు. మనం డబ్బు కట్టేది, లాగిన్ అయ్యేది ఈ రిజిస్ట్రార్ దగ్గరే.

అమ్మినప్పుడు పేరు రెండు దారుల్లో వెళ్తుంది. కొనేవాడికి కూడా అదే రిజిస్ట్రార్ దగ్గర ఖాతా ఉంటే, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నెట్టేయొచ్చు. దీన్ని ‘పుష్’ అంటారు. నిమిషాల్లో అయిపోతుంది. వేరే రిజిస్ట్రార్‌కు మార్చాలంటే ముందు లాక్ తీసి, ‘ఆథ్ కోడ్’ అనే రహస్య సంకేతాన్ని కొనేవాడికి ఇవ్వాలి. అడ్డు చెప్పకపోతే ఐదు రోజుల్లో బదిలీ పూర్తవుతుంది. ఈ కోడ్ ఇంటి తాళం చెవి లాంటిది. డబ్బు రాకముందే వాట్సాప్‌లో కోడ్ పంపించడమంటే, అడ్వాన్సు కూడా తీసుకోకుండా ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చేసినట్టే.

కొత్తగా తీసుకున్న పేరునూ, ఇటీవల రిజిస్ట్రార్ మారిన పేరునూ 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చడానికి సాధారణంగా వీలుండదు. ఇది తెలియక బేరం కుదుర్చుకుని, డబ్బు తీసుకుని, తర్వాత బదిలీ కావట్లేదని తల పట్టుకునే అమ్మకందారులుంటారు. కొన్నవాడు మోసపోయానని ఫిర్యాదు పెడతాడు. ఇక్కడ మోసం ఎవరిదీ కాదు. పేరు ఏ తేదీన తీసుకున్నదీ, ఏ తేదీ నుంచి కదలగలదో బేరంలోనే చెప్పేస్తే ఆ గొడవే రాదు.

డబ్బు వచ్చింది, తర్వాత పోయింది

ఒక కుర్రాడు అనుకుందాం. తన దగ్గరున్న పేరును 1,500 డాలర్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. కొనేవాడు మర్యాదగా మాట్లాడాడు, బేరం కూడా పెద్దగా ఆడలేదు. పేపాల్‌లో డబ్బు పంపాడు. కుర్రాడి ఖాతాలో డబ్బు కనబడింది, బ్యాంకులోకి కూడా దిగింది. ఇంట్లో అమ్మీకి చెప్పాడు, అందరూ సంతోషించారు. అదే రోజు పేరును పుష్ చేసేశాడు. నెలన్నర తర్వాత పేపాల్ నుంచి మెయిల్ వచ్చింది. ఆ చెల్లింపు కార్డు యజమాని అనుమతి లేకుండా జరిగిందట, డబ్బు వెనక్కి ఇవ్వాలట. ఖాతాలో నిల్వ మైనస్‌లోకి పోయింది. పేరు చూస్తే, అప్పటికే మూడో మనిషి చేతిలో ఉంది.

డొమైన్ అమ్మకాల్లో చాలా పాత మోసం ఇది. దీని కీలకం ఛార్జ్‌బ్యాక్ అనే పద్ధతిలో ఉంది. కార్డుతో కట్టిన డబ్బుపై కార్డు యజమాని తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి వెనక్కి తెప్పించుకునే హక్కే ఛార్జ్‌బ్యాక్. ఇది కొనుగోలుదారుల రక్షణ కోసం పెట్టిన మంచి ఏర్పాటే. గడువు చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా ఉంటుంది. పేపాల్‌లో కొన్నవాడు 180 రోజుల దాకా వివాదం తెరవొచ్చు. దొంగిలించిన కార్డుతోనో, హ్యాక్ చేసిన పేపాల్ ఖాతాతోనో డబ్బు కడితే, అసలు యజమాని కొన్ని వారాలకు స్టేట్‌మెంట్ చూసుకుని ఫిర్యాదు చేస్తాడు. అతడూ బాధితుడే, అతని డబ్బు అతనికి వెళ్లాల్సిందే. మధ్యలో నష్టం మొత్తం అమ్మినవాడి మీద పడుతుంది.

అన్ని ఛార్జ్‌బ్యాక్‌లూ దొంగ కార్డులవే కావు. కొందరు కొని, పేరు తమ చేతికొచ్చాక, ‘సరుకు అందలేదు’ అనో, ‘చెప్పినట్టు లేదు’ అనో ఫిర్యాదు పెడతారు. చీరో, ఫోనో అమ్మితే కొరియర్ రసీదు చూపించొచ్చు. డొమైన్‌కు కొరియర్ ఉండదు. అమ్మినవారి దగ్గర ఉండే ఆధారాలు రిజిస్ట్రార్ పంపిన బదిలీ మెయిల్, పుష్ పూర్తయిన స్క్రీన్, ఇద్దరి మధ్య నడిచిన మెయిళ్లు మాత్రమే. వీటిని దాచి ఉంచుకుని గడువు లోపల జవాబిస్తే గెలిచే అవకాశం కొంత ఉంటుంది. జవాబే ఇవ్వకపోతే మాత్రం ఓడిపోవడం ఖాయం. ఇలాంటి నోటీసు వచ్చినప్పుడు భయపడి మెయిల్ తెరవకుండా వదిలేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

మన దేశంలో పేపాల్ గురించి ఇంకో మాట చెప్పాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి దేశం లోపల ఒకరి నుంచి ఒకరికి చెల్లింపులు ఆపేసింది. విదేశాల నుంచి వచ్చే డబ్బుకే పనికొస్తుంది. వచ్చిన డబ్బు పేపాల్‌లో నిలవ ఉండదు, తనంతట తానే బ్యాంకు ఖాతాలోకి దిగిపోతుంది. ‘బ్యాంకులోకి వచ్చేసింది కదా, ఇక ఎవరు తీసుకుంటారు’ అన్న ధీమా ఇందువల్లే కలుగుతుంది. వివాదం వస్తే ఆ బాకీ పేపాల్ ఖాతా మీద మైనస్‌గా నిలబడి, తర్వాత వచ్చే ప్రతి చెల్లింపునూ మింగుతుంది. వేరే క్లయింటు చేసిన పనికి పంపిన డబ్బు కూడా అందులోకే పోతుంది.

గల్ఫ్‌లో ఉన్న భాయీ పేరు మీదున్న ఖాతాలో డబ్బు తెప్పించుకుందామనే ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. తేలిక దారిలా కనిపిస్తుంది గానీ, గొడవ వస్తే బాకీ పడేది, ఖాతా ఆగిపోయేది ఆ భాయీది. అమ్మింది ఒకరు, డబ్బు తీసుకున్నది ఇంకొకరు అయితే ఫిర్యాదులో చూపించడానికి సరైన కాగితం కూడా ఉండదు. జీతం పడే ఖాతాతో ఇలాంటి లావాదేవీ కలపడం అసలే మంచిది కాదు.

బ్యాంకు ద్వారా వచ్చే వైర్ ట్రాన్స్‌ఫర్ కార్డు చెల్లింపు కంటే గట్టిది. స్విఫ్ట్ పద్ధతిలో వచ్చి ఖాతాలో జమ అయిన డబ్బును పంపినవాడు తనకు తోచినప్పుడు వెనక్కి లాక్కోలేడు. అయితే దీనిలోనూ ఒక పన్నాగం ఉంది. ‘డబ్బు పంపేశాను, ఇదిగో బ్యాంకు కాపీ’ అని పీడీఎఫ్ పంపుతారు. ఆ కాపీని తయారు చేయడానికి పది నిమిషాలు చాలు. బ్యాంకులో జమ అయిందా లేదా అన్నదే లెక్క. విదేశీ డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు దేనికోసం వచ్చిందని అడుగుతుంది. అప్పుడు చూపించడానికి ఇన్వాయిస్, అమ్మకం ఒప్పందం ఉండాలి. డబ్బు అందినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని అడిగి తీసుకుని ఉంచుకుంటే ఆదాయపు పన్ను లెక్కలకూ పనికొస్తుంది.

యూపీఐలో వచ్చే చిక్కులు

కొనేవాడు మన దేశంలోనే ఉంటే ఎక్కువగా యూపీఐ, ఐఎంపీఎస్, నెఫ్ట్ నడుస్తాయి. చిన్న మొత్తాలకు ఇవి బాగానే పనిచేస్తాయి. మోసాలు మాత్రం అందరికీ తెలిసినవే. డబ్బు పడినట్టు ఎడిట్ చేసిన స్క్రీన్‌షాట్ పంపుతారు. బ్యాంకు పంపినట్టే కనిపించే ఎస్సెమ్మెస్ పంపుతారు. ‘డబ్బు తీసుకోవడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతోందనే అర్థం. కొందరు 5,000 బదులు 50,000 పొరపాటున పంపేశానని ఏడుపు గొంతుతో ఫోన్ చేసి, తేడా వెనక్కి పంపమంటారు. అసలు డబ్బే పడి ఉండదు, లేదా పడింది ఎక్కడో దోచిన డబ్బు అయి ఉంటుంది.

ఈ రెండోది ఇంకా ప్రమాదం. సైబర్ నేరగాళ్లు ఒకరిని మోసం చేసిన డబ్బుతో ఇంకొకరి దగ్గర డొమైన్ కొంటారు. మోసపోయిన మనిషి ఫిర్యాదు చేయగానే ఆ డబ్బు ఏ ఖాతాల గుండా వెళ్లిందో పోలీసులు చూస్తారు. దారిలో ఉన్న ఖాతాలన్నిట్లో ఆ మొత్తాన్ని, కొన్నిసార్లు ఖాతానే ఆపించేస్తారు. అమ్మినవాడు నిజాయితీగా పేరు అమ్ముకున్నవాడే. అయినా వేరే రాష్ట్రంలోని సైబర్ పోలీస్ స్టేషన్‌కు తన దగ్గరున్న కాగితాలన్నీ పంపి, అది అమ్మకం డబ్బేనని చూపించాలి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు వెళ్లే ఖాతా ఆగితే ఆ నెల ఎలా గడుస్తుందో చెప్పక్కర్లేదు. కొనేవాడి పేరు, డబ్బు పంపిన ఖాతా పేరు ఒకటేనా అని చూడటం అందుకే ముఖ్యం. ‘మా ఫ్రెండ్ ఖాతా నుంచి వేస్తున్నా’, ‘మూడు ముక్కలుగా మూడు నంబర్ల నుంచి వస్తుంది’ అంటే ఆ బేరం వదులుకోవడమే లాభం.

క్రిప్టోలో ఇస్తానన్నవాళ్లూ తగులుతారు. అందులో ఛార్జ్‌బ్యాక్ లేదన్నది నిజమే. కానీ వచ్చిన కాయిన్లను రూపాయలు చేసుకునేటప్పుడు మళ్లీ ఇదే దొంగ డబ్బు సమస్య ఎదురవుతుంది. క్రిప్టో మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా ఉన్నాయి.

ఎస్క్రో: మధ్యలో పెద్దమనిషి

ఈ పేచీకి వ్యాపారంలో దొరికిన జవాబు ఎస్క్రో. ఇద్దరూ నమ్మే మూడో సంస్థ మధ్యలో ఉంటుంది. కొనేవాడు డబ్బు ఆ సంస్థకు కడతాడు. డబ్బు చేరిందని సంస్థ అమ్మేవాడికి చెబుతుంది. అప్పుడు పేరు బదిలీ చేస్తారు. కొన్నవాడు పేరు అందిందని చూసుకున్నాక, లేదా ముందే అనుకున్న పరిశీలన గడువు ముగిశాక, డబ్బు అమ్మినవాడికి వదులుతారు. 1999లో మొదలైన ఎస్క్రో డాట్ కామ్ ఈ రంగంలో పాతది. కాలిఫోర్నియాలో లైసెన్స్ ఉన్న ఈ సంస్థ 2015 నుంచి ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రీలాన్సర్ కంపెనీ చేతిలో ఉంది. జర్మనీలోని సెడో, గోడాడీ చేతిలో ఉన్న ఆఫ్టర్నిక్ లాంటి డొమైన్ బజార్లు తమ దగ్గర జరిగే అమ్మకాలకు డబ్బు, బదిలీ రెండూ తామే చూసుకుంటాయి. వాటికి కమీషన్ ఇవ్వాలి. కమీషన్ ఎక్కువని బయట బేరం కుదుర్చుకునేవారు ఆ కమీషన్ దేనికి ఇస్తున్నామో ఒకసారి ఆలోచించాలి. ఎస్క్రో ఫీజు ఎవరు కట్టాలన్నది ముందే రాసుకోవాలి. కొనేవాడా, అమ్మేవాడా, సగం సగమా అన్న చిన్న విషయం మీదే చివర్లో బేరాలు చెడిపోతుంటాయి.

ఎస్క్రో ఉందని కళ్లు మూసుకోకూడదు. అతి పెద్ద మోసం నకిలీ ఎస్క్రోదే. కొనేవాడు ఎస్క్రో ఫలానా సంస్థ ద్వారా చేద్దామంటాడు. చూస్తే చక్కటి వెబ్‌సైట్, చాట్ బాక్స్, లైసెన్స్ నంబరు అన్నీ ఉంటాయి. ‘డబ్బు మా దగ్గర భద్రంగా ఉంది, మీరు పేరు బదిలీ చేయండి’ అని మెయిల్ వస్తుంది. ఆ సైటు మొత్తం కొనేవాడిదే. ఇంకొందరు నిజమైన సంస్థ పేరుతోనే, ఒక అక్షరం తేడా ఉన్న చిరునామా నుంచి మెయిల్ పంపుతారు. డొమైన్ పేర్లు అమ్మి బతికేవాళ్లే ఒక్క అక్షరం తేడా ఉన్న డొమైన్ పేరు చూసి మోసపోవడం విచిత్రమే, అయినా జరుగుతోంది. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, ఎస్క్రో సంస్థ చిరునామా స్వయంగా టైప్ చేసి, లాగిన్ అయి, ఆ లావాదేవీ పేజీలో డబ్బు అందినట్టు కనిపిస్తేనే పేరు కదిలించాలి.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పేరు ఏ ఖాతాకు పుష్ చేయాలన్న వివరం ఎస్క్రో లావాదేవీలోనే రాసి ఉండాలి. డబ్బు కట్టాక కొనేవాడు వాట్సాప్‌లో ‘ఆ ఖాతాకు కాదు, ఈ ఖాతాకు పంపు’ అంటే పంపకూడదు. తర్వాత నాకు అందలేదని అతను అంటే, ఎస్క్రో సంస్థ తన దగ్గరున్న రికార్డునే చూస్తుంది.

పెద్ద మొత్తమైతే వాయిదాల్లో అమ్మడమూ ఉంది. నెలనెలా కడుతూ ఉంటే, మొత్తం తీరాకే పేరు కొనేవాడికి వెళ్తుంది. అంతదాకా పేరు ఎస్క్రో సంస్థో, డొమైన్ బజారో పట్టి ఉంచుతుంది. దీన్ని వదిలేసి ‘సగం ఇప్పుడు, సగం పేరు వచ్చాక’ అనే మాట మీద నడిచే బేరాల్లో రెండో సగం రాకపోతే చేయగలిగేది చాలా తక్కువ.

కొనేవాడు కాదు, అమ్మేవాడి జేబుకే ఎసరు

ఉన్నట్టుండి ఒక మెయిల్ వస్తుంది. మీ పేరు మా క్లయింటుకు కావాలి, 40 వేల డాలర్లు ఇస్తారు అని. ఆశ పుట్టకుండా ఉండదు. రెండు మూడు మెయిళ్లు నడిచాక, ‘మా ఇన్వెస్టర్లకు విలువ చూపించాలి, అప్రైజల్ సర్టిఫికెట్ తీసుకోండి’ అంటాడు. ఎక్కడైనా తీసుకోవచ్చు గానీ, ఫలానా సైటుదైతేనే మా వాళ్లు ఒప్పుకుంటారు అంటాడు. ఆ సైటులో వంద డాలర్లో, రెండొందలో కట్టాలి. కట్టగానే కొనేవాడు కనబడడు. ఆ సైటు కూడా అతనిదే. నిజంగా కొనేవాడు తన ఖర్చుతో విలువ కట్టించుకుంటాడు గానీ, అమ్మేవాడిని డబ్బు కట్టమనడు. ‘ట్రాన్స్‌ఫర్ ఫీజు’, ‘ట్రేడ్‌మార్క్ క్లియరెన్స్’, ‘విదేశీ మారకం పన్ను’ ఇవన్నీ ఇదే కథకు వేరే వేషాలు.

చైనాలో ఒక కంపెనీ మీ పేరుతో డొమైన్లు తీసుకుంటోంది, వెంటనే మీరు మా దగ్గర తీసుకోకపోతే పోతాయి అని భయపెట్టే మెయిళ్లు కూడా చాలా ఏళ్లుగా తిరుగుతున్నాయి. జవాబు ఇవ్వకుండా వదిలేయడమే వాటికి మందు.

ఎవరి పేరు అమ్ముతున్నారు?

మోసం చేసే ఉద్దేశం లేకపోయినా అమ్మేవాడే చిక్కులో పడే సందర్భం ఒకటుంది. పేరున్న కంపెనీ బ్రాండును డొమైన్‌గా తీసి, అదే కంపెనీకి మెయిల్ పెట్టి లక్షలు అడగడం. ఇది తెలివైన వ్యాపారమని అనుకునేవారున్నారు. 1999లో ఐకాన్ ఆమోదించిన యూడీఆర్‌పీ అనే నిబంధనల ప్రకారం, ఖర్చుల కంటే ఎక్కువ ధరకు ట్రేడ్‌మార్క్ యజమానికే అమ్మాలన్న ఉద్దేశంతో పేరు తీసుకోవడం దురుద్దేశానికి సాక్ష్యమవుతుంది. అంటే ధర అడుగుతూ పంపిన మెయిలే అవతలివారి చేతిలో ఆయుధం. కంపెనీ జెనీవాలోని వైపో సంస్థ దగ్గర ఫిర్యాదు చేస్తుంది. ఐదు పేర్ల దాకా ఒక జడ్జి లాంటి నిపుణుడితో విచారణకు ఫీజు 1,500 డాలర్లు, అది ఫిర్యాదుదారే కడతాడు. పేరు లాక్ అవుతుంది, వివాదం తేలేదాకా అమ్మడానికి లేదు. జవాబివ్వడానికి 20 రోజులు ఉంటాయి. ఓడితే పేరు పోతుంది, పైసా రాదు. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ దగ్గర ఐఎన్‌డీఆర్‌పీ అనే ఇలాంటి పద్ధతే ఉంది.

కోర్టు దారి కూడా ఉంది. ఈ విషయంలో దేశమంతా చెప్పుకునే తీర్పుకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, ‘సిఫీ’ పేరుతో ఇంటర్నెట్ సేవలు నడిపేది. దాదాపు అదే పేరుతో సిఫ్ఫీనెట్ సొల్యూషన్స్ అనే ఇంకో కంపెనీ డొమైన్ తీసుకుంది. ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు, డొమైన్ పేర్ల కోసమని విడిగా చట్టం లేకపోయినా, ట్రేడ్‌మార్క్ చట్టం కింద ఒకరి పేరును ఇంకొకరు వాడుకోవడాన్ని ఆపే రక్షణ డొమైన్లకూ వర్తిస్తుందని చెప్పింది. సాధారణ పదాలు, ఊరి పేర్లు, వంటకాల పేర్లు అమ్ముకోవడంలో ఇంత ప్రమాదం లేదు. ఏ పేరైనా కొనడానికి ముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికి చూసుకోవచ్చు.

దొంగిలించిన పేర్లు

2006లో అమెరికాలో పీ2పీ డాట్ కామ్ అనే పేరును ఒక వ్యక్తి యజమానుల ఖాతాలోకి చొరబడి దొంగిలించాడు. ఈబేలో వేలం వేసి, మార్క్ మాడ్సెన్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడికి లక్షా 11 వేల డాలర్లకు పైగా ధరకు అమ్మేశాడు. కొన్న ఆటగాడికి అది దొంగ సొత్తని తెలియదు. దొంగకు 2011లో ఐదేళ్ల జైలు పడింది. ఇంకో ఉదంతం 2017లో అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో జరిగింది. ఒక డొమైన్ పేరు అమ్మనన్నందుకు, కావాలనుకున్నవాడు తన బంధువును తుపాకీతో యజమాని ఇంటికి పంపాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బదిలీ చేయమని తలకు తుపాకీ గురిపెట్టారు. పెనుగులాటలో ఇద్దరికీ తూటాలు తగిలాయి, ఇద్దరూ బతికారు. వెళ్లినవాడికి 20 ఏళ్లు, పంపినవాడికి 14 ఏళ్లు శిక్ష పడింది.

ఇవి అరుదు. మామూలుగా జరిగే దొంగతనం చప్పుడు లేనిది. రిజిస్ట్రార్ ఖాతాకు కలిపిన మెయిల్ పాస్‌వర్డ్ దొంగిలిస్తే చాలు, పేరు దొంగ చేతికి వెళ్తుంది. అందుకే ఆ మెయిల్‌కూ, రిజిస్ట్రార్ ఖాతాకూ రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. కొని అమ్మేవారు తాము కొనేటప్పుడు కూడా చూసుకోవాలి. ఏళ్ల తరబడి ఒకరి దగ్గరే ఉన్న పేరు ఉన్నట్టుండి రిజిస్ట్రార్ మారి, మార్కెట్ ధరలో పదోవంతుకు దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. 2018లో ఐరోపా గోప్యతా చట్టం వచ్చాక యజమానుల పేర్లు బహిరంగంగా కనిపించడం తగ్గిపోయింది కాబట్టి, అమ్మేవాడే నిజమైన యజమాని అని రుజువు అడగడం తప్పు కాదు. పేరు సెట్టింగ్‌లో ఒక చిన్న మార్పు చేసి చూపించమంటే చాలు, ఖాతా చేతిలో ఉన్నవాడు మాత్రమే చేయగలడు.

పాత వ్యాపారం పేరు అమ్మేవారు తరచూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ డొమైన్ మీదున్న ఈమెయిల్‌ను బ్యాంకుకు, జీఎస్టీకి, ఫేస్‌బుక్‌కు, ఇంకా ఎన్ని చోట్ల ఇచ్చారో చూసుకుని ముందే మార్చుకోవాలి. పేరు చేతులు మారాక, ఆ చిరునామాకు వచ్చే పాస్‌వర్డ్ మార్పు మెయిళ్లన్నీ కొత్త యజమానికి వెళ్తాయి.

మోసం జరిగితే

ముందు చేయాల్సింది రిజిస్ట్రార్‌కు చెప్పడం. వెళ్లిన పేరు అదే రిజిస్ట్రార్ దగ్గర ఉంటే లాక్ చేయమని అడగొచ్చు. గంటలు గడిచేకొద్దీ అవకాశం తగ్గుతుంది, వేరే దేశంలోని రిజిస్ట్రార్‌కు వెళ్లిపోయాక ఇంకా తగ్గుతుంది. చాలామంది రిజిస్ట్రార్లు ఇది మీ ఇద్దరి మధ్య తగాదా, కోర్టు ఉత్తర్వు తెండి అంటారు. అయినా ఫిర్యాదు రాతపూర్వకంగా పెట్టి, టికెట్ నంబరు తీసుకోవాలి.

డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. తొందరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలుంటుంది. వేరొకరి వేషం వేసి కంప్యూటర్ ద్వారా మోసం చేయడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడే నేరం. మోసంతో ఆస్తి చేతులు మార్పించుకోవడం భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కిందికి వస్తుంది. స్టేషన్‌లో డొమైన్ అంటే ఏమిటో వివరించాల్సి రావచ్చు. ఒక పేజీలో తేదీల వారీగా రాసుకెళ్తే మేలు: పేరు ఎప్పుడు కొన్నారు, ఎంతకు అమ్మారు, డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చింది, పేరు ఎప్పుడు ఎవరి ఖాతాకు వెళ్లింది.

వాట్సాప్ చాట్‌లను స్క్రీన్‌షాట్‌గా మాత్రమే కాకుండా ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచాలి. మోసగాడు తన వైపు నుంచి ‘అందరికీ డిలీట్’ నొక్కేలోపు ఆ పని చేయాలి. మెయిళ్లు డిలీట్ చేయకూడదు, వాటి లోపల ఏ సర్వర్ నుంచి వచ్చిందో చెప్పే వివరాలు పోలీసులకు పనికొస్తాయి. సక్రమంగా అమ్మిన పేరు విషయంలోనూ ఒప్పందం కాగితాన్ని పారేయకూడదు. కొన్నవాడు రేపు ఆ పేరుతో నకిలీ ఉద్యోగాల సైటు పెడితే, పాత రికార్డుల్లో కనిపించేది అమ్మినవారి పేరే. ఫలానా తేదీన ఫలానా వ్యక్తికి అమ్మేశామని, డబ్బు ఫలానా ఖాతా నుంచి వచ్చిందని చూపించగలిగే ఆ ఒక్క కాగితమే అప్పుడు వారిని కాపాడుతుంది.